పార్క్ చేసిన కారుకి ఏది కాపలా: చోటా, కవరా, కెమెరానా, ఫిల్మా?

వెనక తలుపు మధ్యలో మొదలై ముందు చక్రం మీది రేకు, అదే ఫెండర్ దాకా సాగిన ఒకే ఒక్క గీత. పొద్దున పక్కనుంచి పడే ఎండలో తళుక్కున మెరిసింది. వేలితో తడిమితే గోరు అందులో దిగి ఆగిపోయింది. రెండు అంచుల్లోనూ పెయింటు సన్నగా పొట్టులా లేచి ఉంది, మధ్యలో పెయింటు కింద ఉండే ప్రైమరు పూత బూడిదరంగు బయటపడింది. చివర్లో గీత కొంచెం పైకి వంకర తిరిగింది. అంటే గీసిన మనిషి ఆగలేదు. నడుస్తూనే గీసి, చెయ్యి తీసేసి వెళ్లిపోయాడు. ఆ బాధ నాకు చాలా రోజులు పోలేదు.

ఆ ఊపులోనే వారం తిరక్కుండా కారు అద్దానికి బిగించే కెమెరా, అంటే డ్యాష్‌క్యామ్ కొన్నాను. రెండు నెలలకి అవతలి వైపు తలుపు మీద ఇంకో గీత పడింది. మెమరీ కార్డు తీసి రాత్రంతా కూర్చుని చూశాను. అందులో ఏమీ లేదు. కెమెరా పాడవలేదు. తాళంచెవితో గీస్తే కారు ఊగదు, అందుకని కుదుపు సెన్సరు మేలుకోలేదు. మేలుకున్నా ముందూ వెనకా చూసే కెమెరాలకి తలుపులు కనపడవు. ఎవరైనా వచ్చి గుద్దితే పట్టుకునే పరికరం నేను కొన్నాను. నాకు కావలసిందేమో నా కారు పక్కన ఎవరూ తాపీగా నిలబడలేని ఏర్పాటు.

అప్పటినుంచి ఈ కాపలాని మూడు పనులుగా విడదీసి చూస్తున్నాను. దగ్గరికి రానివ్వకపోవడం ఒకటి. చెయ్యి పడినా దెబ్బ లోపలికి దిగకుండా కాయడం రెండోది. చేసిందెవరో చూపించడం మూడోది. ఈ మూడూ చేసే వస్తువు ఇంతవరకూ నాకు కనపడలేదు. చాలామంది మొదటి పని కావలసినచోట మూడోదానికి డబ్బు పెడతారు. నేనూ అదే చేశాను.

ముందు మచ్చని చదవండి

ఏది కొనాలో తేల్చుకునే ముందు, కారుకి ఇప్పటికే ఏదైనా దెబ్బ ఉంటే దాన్ని దగ్గరగా చూడండి. అది కావాలని చేసిందో కాదో చాలాసార్లు మచ్చే చెబుతుంది.

తలుపు మధ్య ఎత్తులో వేలెడంత నిలువు సొట్ట, దాని మీద వేరే రంగు పెయింటు అంటుకుని ఉంటే పక్క కారు తలుపు తగిలిందన్నమాట. బంపర్ మూల మీద వెడల్పుగా, పలచగా, సమాంతరంగా పోయిన చాలా గీతలుంటే ఎవరో మలుపు తిప్పుకుంటూ రాసుకుపోయారు. హ్యాండిల్ ఎత్తులో చిన్న గుండ్రటి సొట్ట పడితే పక్కన ఆపిన బైకు హ్యాండిల్ కావచ్చు. వీటికి కెమెరా, కవర్ అక్కర్లేదు. చోటు మారితే చాలు.

నడుము ఎత్తులో సన్నగా, ఒకే లోతుతో, రెండు మూడు ప్యానెళ్ల (తలుపు, ఫెండర్ లాంటి రేకు భాగాల) మీదుగా సాగిన గీత మాత్రం చేత్తో గీసింది. అది కూడా రెండు రకాలు. అదే వరసలో ఉన్న మిగతా కార్ల మీదా గీతలుంటే దారినపోయే ఆకతాయి పని. మీ కారు ఒక్కటే దొరికిందంటే, మళ్లీ మళ్లీ దొరుకుతోందంటే, ఎవరికో మీ మీద, లేదా మీరు కారు ఆపే పద్ధతి మీద కోపం ఉంది. ఇక అద్దం పగిలి లోపల సీటు కింద, డ్యాష్‌బోర్డు అరలో వెతికిన జాడ ఉంటే అది దొంగతనం. దానికి మందు వేరు.

ఏ లెక్కన ఎంచుకోవాలి

పైన చెప్పిన మూడు పనుల్లో ఏది చేస్తుందన్నది మొదటి ప్రశ్న. దాని తర్వాత నేను చూసేది రోజువారీ శ్రమ. నెల తిరిగేసరికి విసుగొచ్చి మానేసే ఏర్పాటు ఎంత మంచిదైనా దండగే. మూడోది, ఆ చోటు మీద మీకున్న హక్కు. సొంత గ్యారేజీ ఉన్నవాళ్లు గోడకి లైటు బిగించుకోగలరు, వీధిలో ఆపేవాళ్లకి ఆ వీలు లేదు. నాలుగోది చాలామంది మరిచిపోయేది: ఈ రక్షణ కారుకి కొత్త సమస్య తెస్తుందా? బ్యాటరీ దిగిపోవడం, కవర్ రాపిడికి పెయింటు మసకబారడం, ఫిల్మ్ తీసేటప్పుడు రంగు లేచిపోవడం నిజంగా జరిగేవే. చివరిగా ఖర్చు. ఒక ప్యానెల్‌కి మళ్లీ రంగు వేయించడానికి ఎంతవుతుందో మీ మెకానిక్‌ని అడగండి. ఆ మొత్తానికి ఎన్నో రెట్లు పెట్టి ఒక పాత కారుని కాపాడుకోవడంలో అర్థం లేదు.

| ఏర్పాటు | దూరం పెడుతుందా | దెబ్బ కాస్తుందా | చూపిస్తుందా | రోజువారీ శ్రమ |
|---|---|---|---|---|
| చోటు మార్చడం | బాగా | లేదు | కొంత, చుట్టూ మనుషులుంటే | కాస్త నడక |
| మోషన్ లైటు (కదలికకి వెలిగేది) | ఓ మోస్తరు | లేదు | కెమెరాకి సాయం | లేదు |
| కవర్ | ఆకతాయిలని | పైపై గీతలు | లేదు | ఎక్కువ |
| డ్యాష్‌క్యామ్ పార్కింగ్ మోడ్ (ఆపిన కారులోనూ రికార్డు చేసేది) | కొద్దిగా | లేదు | గుద్దుడుని బాగా, గీతని తక్కువ | తక్కువ |
| గోడ కెమెరా | ఓ మోస్తరు | లేదు | బాగా, కోణం కుదిరితే | లేదు |
| పీపీఎఫ్ (పెయింటు మీద అతికించే పారదర్శక ఫిల్మ్) | లేదు | గీతలకి బాగా | లేదు | లేదు |
| సిరామిక్ కోటింగ్ (పెయింటు మీద పూసే పలచటి పూత) | లేదు | మరకలకే | లేదు | లేదు |
| అద్దాలకి సేఫ్టీ ఫిల్మ్ | లేదు | అద్దానికి కొంత | లేదు | లేదు |
| షాక్ అలారం | కొద్దిగా | లేదు | లేదు | తప్పుడు మోతల గోల |

చోటు: మొదట మార్చాల్సింది ఇదే

స్టాన్‌ఫర్డ్‌లో సైకాలజీ ప్రొఫెసర్ ఫిలిప్ జింబార్డో 1969లో ఒక ప్రయోగం గురించి రాశారు. నంబరు ప్లేటు తీసేసి, బానెట్ ఎత్తి పెట్టిన ఒక కారుని న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో వదిలారు, అలాంటిదే ఇంకోదాన్ని కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో ఉంచారు. బ్రాంక్స్ కారు మీద పది నిమిషాల్లోనే మొదటి చెయ్యి పడింది. ఆ వచ్చినవాళ్లు అల్లరిమూక కాదు. తల్లి, తండ్రి, చిన్న కొడుకు. రేడియేటరు, బ్యాటరీ విప్పుకుపోయారు. ఒక రోజులో విలువైనదన్నదల్లా పోయింది, ఆ తర్వాత ఊరికే పగలగొట్టడం మొదలైంది. పాలో ఆల్టో కారుని వారం దాటినా ఎవరూ ముట్టుకోలేదు. పరిశోధకుల వైపునుంచే సమ్మెట దెబ్బలు పడ్డాక మాత్రం మిగతావాళ్లూ చెయ్యి కలిపారు.

ఈ ప్రయోగాన్ని ఊళ్ల గురించి తీర్పులివ్వడానికి చాలామంది వాడారు. కారు ఉన్నవాళ్లం మనం తీసుకోవలసింది వేరే సంగతి: ఇది ఎవరిదీ కాదు, ఎవరూ పట్టించుకోరు అనిపించిన బండి మీద చెయ్యి వేయడం మనుషులకి తేలిక. దుమ్ము పట్టి, వైపర్ల కింద పాంప్లెట్లు పేరుకుని, ఒక టైరులో గాలి దిగి, నెలల తరబడి కదలని కారు సరిగ్గా అలాగే కనిపిస్తుంది. వారానికి ఒకసారి తుడవండి, అడుగైనా కదిలించండి, మొదటి గీతని తొందరగా బాగు చేయించండి. పెద్దగా ఖర్చు లేని కాపలాలో సగం ఇదే.

మిగతా సగం నిలిపే స్థలం. ఎవరి కిటికీలోనుంచైనా కనిపించే చోటు, మనుషులు నడిచే దారి పక్క, రాత్రి వెలుతురు పడే చోటు. డ్రైవరు వైపు దిగడానికి సందు ఉంచుకుని, రెండో వైపు గోడకి చేరవేస్తే ఒక పక్క మొత్తం చేతికి అందకుండా పోతుంది. మూల స్థలం దొరికితే పక్క కారు తలుపుల దెబ్బలు సగానికి తగ్గుతాయి. అయితే మలుపు దగ్గర మూల అయితే బంపర్లకి ముప్పు. చెట్టు చాటు, పెద్ద వ్యాన్ల మధ్య సందు, మెట్ల కింద చీకటి మూల చల్లగా, భద్రంగా అనిపిస్తాయి గానీ గీసేవాడికీ అక్కడ అంతే భద్రం.

కక్షతో చేసే పనికి మాత్రం చోటుతో పాటు మాట కావాలి. ఎక్కడైనా సరే, పార్కింగ్ గొడవల మూలం దాదాపు ఒకటే: మన కారు ఇంకొకరి దారికో, గేటుకో, వాళ్లు తమదనుకునే జాగాకో అడ్డం పడటం. కారు డ్యాష్‌బోర్డు మీద ఫోన్ నంబరు పెట్టడం, ఎదురింటివాళ్లని ఒకసారి నేరుగా అడగడం చిన్నతనం కాదు. నా కారు మీద రెండో గీత పడ్డాక నేను చేసిన పని ఇదే. అడిగితే తెలిసింది, నేను ఆపే తీరు వల్ల ఒకాయన రోజూ రెండుసార్లు వెనక్కీ ముందుకీ తిప్పుకుంటే గానీ బండి బయటికి తీయలేకపోతున్నాడట. గీసింది ఆయనే అని నేను అనను, నా దగ్గర రుజువు లేదు. రెండడుగులు వెనక్కి ఆపడం మొదలుపెట్టాక మూడో గీత పడలేదు. సొంత నంబరు అందరికీ కనపడటం ఇష్టం లేకపోతే దానికోసం వేరే నంబరు పెట్టుకోండి.

లైటు

మోషన్ లైటు మంచి తోడు, ఒంటరిగా మాత్రం పెద్దగా పని చేయదు. ఇందులో వాడే పీఐఆర్ సెన్సరు మనిషి ఒంటి వేడి తన చూపులోని ఒక గడినుంచి ఇంకో గడిలోకి మారడాన్ని పసిగడుతుంది. అందుకే దానికి అడ్డంగా నడిచేవాళ్లని వెంటనే పడుతుంది, తిన్నగా దానివైపే వచ్చేవాళ్లని ఆలస్యంగా గుర్తిస్తుంది. కారు పొడవునా మనిషి నడిస్తే సెన్సరుకి అడ్డంగా పోయేలా బిగించాలి. కళ్లలో కొట్టే ఫ్లడ్‌లైటు వద్దు. ఆ వెలుతురుకి కారు అవతలి పక్కన పడే నీడ ఇంకా చిక్కనవుతుంది. పైనుంచి కిందికి పడే మామూలు వెలుతురు మేలు. ఇరుగుపొరుగు నిద్ర చెడగొట్టే లైటు ఇంకో కక్షకి విత్తనం వేస్తుంది, అది గుర్తుంచుకోండి.

కవర్

కవర్ వేసిన కారు ఆకతాయి చేతికి సరదా ఇవ్వదు. లోపల ఏ కారుందో తెలియదు, గీసినా ఫలితం కనపడదు, విప్పడానికి టైము పట్టి నలుగురి కళ్లలో పడాలి. ఉమ్ములు, రంగు చిమ్మడం, గుడ్లు విసరడం లాంటివన్నీ గుడ్డ మీదే ఆగిపోతాయి.

కవర్ చేసే హాని కూడా చెప్పాలి. దుమ్ము పట్టిన కారు మీద కవర్ లాగితే ఆ దుమ్మే గరుకు కాగితంలా రాస్తుంది. గాలికి వదులుగా కొట్టుకునే కవర్ రోజంతా ఆ పని చేస్తూనే ఉంటుంది. ముదురు రంగు కార్ల మీద సాలెగూడులా కనపడే సన్నటి గీతల్లో కవర్ వాటా చిన్నది కాదు. కాబట్టి మీ మోడల్‌కి సరిపోయే కొలత, లోపలి వైపు మెత్తటి పొర, చెమ్మ బయటికి పోనిచ్చే గుడ్డ, బండి కింద నుంచి బిగించే పట్టీ ఉండాలి. ఇంజను, సైలెన్సర్ వేడి తగ్గాకే వేయాలి. తడి కారు మీద వేయకూడదు.

రోజూ రెండుసార్లు కారు తీసేవాళ్లు కవర్ కొనొద్దు. నా మాట నమ్మండి, పదో రోజుకి అది డిక్కీలో ఉంటుంది. వారానికి ఒకసారి తీసేవాళ్లకి, ఊరెళ్లేవాళ్లకి మాత్రం ఇంత తక్కువ ఖర్చులో ఇంత పని చేసేది మరొకటి లేదు. అయితే ఒకటి: నెల రోజులు కదలని కవర్ "ఇంటివాళ్లు లేరు" అని కూడా చెబుతుంది. అప్పుడప్పుడు సరిచేసే మనిషి ఉండాలి.

డ్యాష్‌క్యామ్: కొనేముందు ఈ లెక్క వేయండి

పార్కింగ్ మోడ్ అని పెట్టె మీద రాసినవన్నీ ఒకటి కావు. కొన్ని కుదుపు వస్తేనే నిద్ర లేస్తాయి. గీతకి ఇవి గుడ్డివి. కొన్ని ఫ్రేములో కదలికను చూసి రికార్డు చేస్తాయి. కొన్ని సెకనుకి ఒక ఫ్రేము చొప్పున టైమ్ ల్యాప్స్‌లో ఆపకుండా తీస్తాయి. కావాలని చేసే గీతలు మీ భయమైతే చివరి రెండింట్లో ఒకటి ఉండాలి. కుదుపుకి కొన్ని సెకన్ల ముందు దృశ్యాన్ని కూడా దాచే బఫర్ ఉంటే ఇంకా మంచిది, లేకపోతే దెబ్బ తగిలాక వెళ్లిపోతున్న వీపు మాత్రమే దొరుకుతుంది.

ఇక కరెంటు. పార్కింగ్‌లో కెమెరా 5 వాట్లు తింటుందనుకుందాం. 12 వోల్టుల బ్యాటరీ నుంచి అది దాదాపు 0.4 ఆంపియర్లు. పన్నెండు గంటలకి 5 ఆంపియర్-అవర్లు పోతాయి. 45 ఆంపియర్-అవర్ల బ్యాటరీలో సగానికి మించి దించకూడదు కాబట్టి చేతిలో ఉన్నది 22 చిల్లర. లెక్క ప్రకారం రెండు రోజులు. పాత బ్యాటరీ అయితే ఒక రాత్రికే పొద్దున స్టార్టర్ కిర్రుమంటుంది. అందుకే కెమెరాని కారు కరెంటుకి నేరుగా కలిపే హార్డ్‌వైర్ కిట్‌లో వోల్టేజీ పడిపోతే కట్ చేసే ఏర్పాటు తప్పనిసరి. నిండు బ్యాటరీ విశ్రాంతిలో 12.6 వోల్టుల పైన చూపిస్తుంది, 12.2 దగ్గర సగం ఖాళీ అయినట్టు. కటాఫ్‌ని 12.2 దగ్గర పెట్టుకోండి. 11.8 అని పెట్టుకుంటే రికార్డింగు ఇంకొన్ని గంటలు సాగుతుంది గానీ బ్యాటరీ ఆయుష్షు కరిగిపోతుంది. ఫ్యూజ్ బాక్సులో తీగ పెట్టించేముందు వారంటీ సంగతి కారు కంపెనీ షోరూములో అడగండి.

ఎండలో మూసిన కారులోపల 60 డిగ్రీలు సులువుగా దాటుతుంది. లిథియం బ్యాటరీ ఉన్న కెమెరాల్లో ఆ వేడికి బ్యాటరీ ఉబ్బవచ్చు. దాని బదులు సూపర్ కెపాసిటర్ అనే వేడికి తట్టుకునే భాగం ఉన్నవే ఎంచుకోండి. మెమరీ కార్డు కూడా ఎడతెగని రికార్డింగు కోసం తయారైన రకం కావాలి. మామూలు కార్డు కొన్ని నెలల్లో అరిగిపోయి, కావలసిన రోజునే ఖాళీగా దొరుకుతుంది.

తలుపుల గుడ్డితనానికి మందు ఉంది: పక్కలకి కూడా చూసే కెమెరాలు. టెస్లా 2019లో తెచ్చిన సెంట్రీ మోడ్ కారుకి ముందే ఉన్న కెమెరాలతో ఈ పని చేస్తుంది, బదులుగా బ్యాటరీ ఛార్జీ తింటుంది. విడిగా కొని బిగించేవాటిలో కారు లోపలి వైపు చూసే వెడల్పు లెన్సు పక్క కిటికీల్లోనుంచి కొంత పట్టుకుంటుంది, ముఖం కనపడవచ్చు, చేతిలో ఏముందో కనపడదు. ఒక్క సంగతి గమనించండి: అద్దానికి అతుక్కుని కనిపించే కెమెరా కొందరిని దూరం పెడుతుంది, ఇంకొందరికి అదే ఎర అవుతుంది. అద్దాలు పగిలే ప్రాంతంలో చిన్నగా, నల్లగా, మిర్రర్ వెనక దాగేదే మేలు.

గోడ కెమెరా

ఎప్పుడూ ఒకేచోట ఆపేవాళ్లకి, ఆ గోడ తమదైతే, ఇది డ్యాష్‌క్యామ్ కంటే మంచిది. కారు మొత్తం ఒక ఫ్రేములో పడుతుంది, బ్యాటరీ గొడవ లేదు. పొరపాటు ఎక్కడ జరుగుతుందంటే కెమెరాని మరీ ఎత్తులో, మరీ దూరంగా పెట్టడంలో. నిఘా కెమెరాల అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 62676-4 2014 కూర్పు ప్రకారం, తెలియని మనిషిని గుర్తుపట్టాలంటే ఒక మీటరు వెడల్పుకి 250 పిక్సెళ్లు కావాలి. 1920 పిక్సెళ్ల వెడల్పున్న కెమెరాకి అది ఏడున్నర మీటర్ల వెడల్పు దృశ్యం. వీధి అంతా చూడాలని ఇరవై మీటర్లు తెరిచి పెడితే టోపీ పెట్టుకున్న ఒక నీడ తప్ప ఏమీ మిగలదు. రెండున్నర, మూడు మీటర్ల ఎత్తు చాలు. ఇంకా పైకి పోతే నడినెత్తి కనపడుతుంది, ముఖం కనపడదు. పొరుగువాళ్ల కిటికీలు ఫ్రేములో పడకుండా చూసుకోండి. చాలా దేశాల్లో దీనికి చట్టాలున్నాయి, చట్టం లేకపోయినా మర్యాద ఉంది.

పీపీఎఫ్, సిరామిక్: ఒకటి కావు

ఈ రెండూ ఒకటే అన్నట్టు అమ్ముతుంటే నాకు నిజంగా బాధగా ఉంటుంది, మోసపోయేది గీత పడి బాధలో ఉన్నవాళ్లే కాబట్టి. మైక్రాన్లలో (మిల్లీమీటరులో వెయ్యో వంతుల్లో) చూస్తే తేడా ఒక్క చూపులో తెలుస్తుంది. కంపెనీ పెయింటు అన్ని పొరలూ కలిపి సుమారు 100 నుంచి 140 మైక్రాన్లు. అందులో పైన ఉండే పారదర్శక క్లియర్ కోట్ 40, 50 మైక్రాన్లు, తల వెంట్రుక మందం కంటే తక్కువ. తాళంచెవి ముందుగా చీల్చేది దాన్నే. సిరామిక్ కోటింగ్ దాని మీద వేసే ఒకటి రెండు మైక్రాన్ల పొర. పీపీఎఫ్ 150 నుంచి 200 మైక్రాన్ల పాలీయురేథేన్ తొడుగు, అంటే మొత్తం పెయింటు కంటే మందం.

సిరామిక్ డబ్బా మీద 9హెచ్ అని గొప్పగా ఉంటుంది. అది పెన్సిల్ గీతతో కొలిచే గట్టిదనం, రాళ్లూ రత్నాలూ కొలిచే స్కేలు కాదు. ఉక్కు తాళంచెవి ముందు అది ఆగదు. సిరామిక్ చేసే మేలు వేరు: నీళ్లు, మురికి, పక్షి రెట్ట, విసిరిన రంగు గట్టిగా పట్టుకోకుండా తొందరగా కడుక్కోగలం. మీ బాధ మరకలైతే తీసుకోండి, గీతలైతే వద్దు.

పీపీఎఫ్ గీతకి నిజంగా ఎదురు నిలుస్తుంది. మామూలు ఒత్తిడితో గీస్తే ఫిల్మ్ మీదే ఆగుతుంది. గట్టిగా అదిమి గీస్తే ఫిల్మ్ తెగుతుంది, చాలాసార్లు కింద పెయింటు మాత్రం బతుకుతుంది, ఆ ఒక్క ప్యానెల్ ఫిల్మ్ మారిస్తే సరి. ఎండకో వేడినీళ్లకో దానంతటదే మానుతుందని చెప్పేది పైపొర మీద పడే సన్నటి గీతలకే. తెగిన ఫిల్మ్ అతుక్కోదు. సుత్తి దెబ్బకి, తన్నిన సొట్టకి ఇది అడ్డం కాదు. ఖర్చు పెద్దది కాబట్టి కారంతా చేయించక్కర్లేదు. కావాలని గీసే చెయ్యి నడుము ఎత్తులో నడుస్తుంది. నాలుగు తలుపులు, రెండు ఫెండర్లు చేయిస్తే భయంలో పెద్ద భాగం తీరుతుంది. ఇంతకుముందు బయట రంగు వేయించిన ప్యానెల్ మీద మాత్రం ఆలోచించండి. ఆ పెయింటు గట్టిగా పట్టుకుని ఉండకపోతే ఫిల్మ్ తీసేరోజు రంగుతో సహా వస్తుంది.

కారుకి అతికించే రంగు ప్లాస్టిక్ తొడుగు, వినైల్ వ్రాప్, ఈ రెండిటికీ మధ్య. సుమారు 100 మైక్రాన్లుంటుంది, తేలిక గీతల్ని తీసుకుంటుంది, రంగు మారుస్తుంది. రక్షణ కోసమే అయితే పీపీఎఫ్ ముందు తగ్గుతుంది.

అద్దాలు, అలారం

పక్క అద్దాలు చాలా కార్లలో టెంపర్డ్ గాజు. ఒక్కచోట పగిలితే మొత్తం చిన్న ముక్కలై రాలుతుంది. ముందు అద్దం రెండు గాజుల మధ్య ప్లాస్టిక్ పొరతో ఉంటుంది, అందుకే పగిలినా నిలబడుతుంది. పక్క అద్దాలకి లోపలినుంచి మందపాటి సేఫ్టీ ఫిల్మ్ అతికిస్తే అలాంటి గుణం కొంత వస్తుంది: గాజు పగులుతుంది గానీ రాలదు, చెయ్యి లోపలికి పెట్టడానికి ఇంకో నాలుగు దెబ్బలు కావాలి. ఆ ఆలస్యానికే చాలామంది దొంగలు వెనక్కి తగ్గుతారు. ముదురు రంగు ఫిల్మ్‌కి ఎక్కడికక్కడ నియమాలున్నాయి, రంగు లేని పారదర్శకమైనదే తీసుకోండి. ప్రమాదంలో అద్దం పగలగొట్టి బయటపడాల్సి వస్తే ఇదే ఫిల్మ్ అడ్డం వస్తుందని కూడా తెలిసే వేయించుకోండి.

దీనికంటే ముందు, లోపల ఏమీ కనపడనివ్వకండి. ఖాళీ సంచి, ఛార్జింగ్ తీగ, అద్దం మీద ఫోన్ హోల్డర్ వదిలిన గుండ్రటి మరక కూడా వద్దు. సంచి ఖాళీ అని బయటున్నవాడికి తెలియదు.

షాక్ అలారం గురించి ఎక్కువ చెప్పను. పెద్ద లారీ పోయినా మోగే అలారాన్ని మూడో రోజునుంచి ఎవరూ కిటికీ తీసి చూడరు. సెన్సరు తీవ్రత తగ్గించుకుంటే గుద్దుడుకి, అద్దానికి పనికొస్తుంది.

ఎవరికి ఏది

వీధిలో, రోజుకో చోట ఆపేవాళ్లు: చోటు ఎంచుకునే అలవాటు, ఖాళీ క్యాబిన్, మడిచిన సైడ్ మిర్రర్లు. డబ్బు మిగిలితే తలుపులకి పీపీఎఫ్. కవర్ మీకు కాదు.

అపార్ట్‌మెంట్‌లో కేటాయించిన చోటు ఉన్నవాళ్లు: ముందు చుట్టుపక్కలవాళ్లతో మాట. తర్వాత అందరి ఖర్చుతో ఒక లైటు, ఒక కెమెరా. ఒక్కరు పెట్టే డ్యాష్‌క్యామ్‌కంటే నలుగురు కలిసి పెట్టే కెమెరా గట్టిది, దాని ఫుటేజీ అడిగినా ఎవరికీ అభ్యంతరం ఉండదు.

సొంత ఆవరణ ఉన్నవాళ్లు: గోడ కెమెరా, పైనుంచి వెలుతురు. అంతకుమించి కొనకండి.

కొత్త కారు, పది కాలాలు ఉంచుకోవాలనుకునేవాళ్లు: మొదటి నెలలోనే పీపీఎఫ్, పెయింటు ఇంకా మచ్చలేకుండా ఉన్నప్పుడే.

పాత కారు ఉన్నవాళ్లు: శుభ్రంగా ఉంచండి, కారు రంగుకి సరిపోయే పెయింటు ఉన్న ఒక చిన్న టచప్ సీసా దగ్గర పెట్టుకోండి. గీత మీద రేకు బయటపడితే తుప్పు పట్టకముందే పూయండి.

ఒకే మనిషి కక్ష గట్టాడని అనుమానం ఉన్నవాళ్లు: ఇక్కడ మాత్రం రుజువు ముందు. పక్కలు కనపడే కెమెరా పెట్టండి, తేదీలు రాసుకోండి, ఎదురుపడి గొడవకి దిగకండి.

ఇన్సూరెన్స్ కూడా ఒక ఎంపికే. థర్డ్ పార్టీ పాలసీ మీ సొంత కారు గీతలకి ఇవ్వదు. కాంప్రెహెన్సివ్‌లో కావాలని చేసిన నష్టం సాధారణంగా ఉంటుంది, అయితే మొదట మీరు భరించాల్సిన భాగం ఉంటుంది, క్లెయిము లేని ఏళ్లకి వచ్చే రాయితీ పోతుంది. ఒక్క తలుపుకి అయ్యే ఖర్చు ఈ రెండూ కలిపిన దానికంటే తక్కువైతే సొంత డబ్బుతో చేయించుకోవడమే లాభం.

ఇప్పటికే జరిగిపోతే

కడగకముందే ఫొటోలు తీయండి. దూరంనుంచి నంబరు ప్లేటుతో ఒకటి, చుట్టుపక్కల కనపడేలా ఒకటి, మచ్చ పక్కన నాణెం పెట్టి దగ్గరగా ఒకటి. డ్యాష్‌క్యామ్ ఉంటే కార్డు వెంటనే బయటికి తీయండి. పాత వీడియో మీద కొత్తది రాసుకుపోతుంది. గీతని గోరుతో చూడండి. గోరు జారిపోతే పాలిష్‌తో పోవచ్చు, ఆగితే పాలిష్ మీద డబ్బు పోయకండి.

గుడ్డు సొన అయితే గోరువెచ్చటి నీళ్లతో నానబెట్టి కడగాలి, వేడినీళ్లు పోస్తే అక్కడే ఉడికి అంటుకుంటుంది. పెంకు ముక్కలు గీస్తాయి కాబట్టి రుద్దకూడదు. ఎవరైనా బ్రేక్ ఆయిల్ పోశారని అనుమానం వస్తే, జిడ్డుగా మెరుస్తూ పెయింటు ముడతలు పడుతుంటే, గుడ్డతో తుడిచే పని అసలు పెట్టుకోకండి. అది పక్కకి పాకుతుంది. మామూలుగా వాడే బ్రేక్ ఆయిల్ నీళ్లలో కలిసిపోయే రకం. ఫొటో ఒక్కటి తీసుకుని పైపు పెట్టి నీళ్లు పోస్తూనే ఉండండి, పది నిమిషాలు, ప్యానెళ్ల సందుల్లోకి కూడా.